సూరత్ కుర్రాడికి శరత్ కొలత సరిపోతుందా?

2025 తొలి మూడు నెలల్లో మన టేబుల్ టెన్నిస్‌లో ఒక శకం ముగిసింది, ఒక పేరు పైకి లేచింది. జనవరిలో సూరత్‌లో జరిగిన జాతీయ ఛాంపియన్‌షిప్‌లో పురుషుల సింగిల్స్ టైటిల్‌ను ఆ ఊరి ఆటగాడే, మానవ్ ఠక్కర్, గెలుచుకున్నాడు. మార్చి నెలాఖరులో చెన్నైలో ఆచంట శరత్ కమల్ తన ఆఖరి టోర్నీ ఆడి రాకెట్ పక్కన పెట్టాడు. అదే చెన్నై టోర్నీలో మానవ్ సెమీఫైనల్ దాకా వెళ్లాడు. ఇంకేముంది, ‘శరత్ వారసుడు దొరికాడు’ అనే మాట పుట్టడానికి ఈమాత్రం చాలు.

మాట పుట్టడం తేలిక, తూచడమే కష్టం. పైగా తూనికరాయిగా వాడుతున్నది మామూలు ఆటగాణ్ని కాదు. రాజమహేంద్రవరంలో పుట్టి చెన్నైలో పెరిగిన శరత్ తెలుగువాడు కాబట్టి మనకు ఈ పోలిక మీద కాస్త మమకారం కూడా ఉంటుంది. దాన్ని కాసేపు పక్కనబెట్టి అంకెలు చూద్దాం.

శరత్ ఖాతాలో జాతీయ సింగిల్స్ టైటిళ్లు 10. మొదటిది 2003లో, చివరిది 2022లో. అంతకుముందు రికార్డు కమలేశ్ మెహతాది, 8. కామన్వెల్త్ క్రీడల్లో పతకాలు 13: ఏడు స్వర్ణాలు, మూడు రజతాలు, మూడు కాంస్యాలు. ఒలింపిక్స్ ఐదు: 2004, 2008, 2016, టోక్యో, పారిస్. ప్రపంచ ర్యాంకుల్లో అత్యుత్తమం 30. అది 2019లో వచ్చింది. అప్పటికి అతనికి 36 ఏళ్లు.

మానవ్ పుట్టింది 2000 ఏప్రిల్ 29న. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత పురుషుల జట్టులో 18 ఏళ్లకే సభ్యుడు. 2020 జనవరిలో అండర్-21 విభాగంలో ప్రపంచ నంబర్ వన్. 24 ఏళ్లకు ఒలింపియన్, ఆ తర్వాత కొన్ని నెలలకే జాతీయ ఛాంపియన్. 25 నిండే వేళకు సీనియర్ ర్యాంకుల్లో మొదటి యాభైలోకి వచ్చాడు.

వరస చూస్తే ముచ్చటేస్తుంది. ఇందులో ఏ అంకె రేపటి గురించి చెబుతుంది, ఏది నిన్నటితోనే ఆగిపోతుంది అన్నదే ప్రశ్న.

అందరికీ ఎక్కువగా నచ్చేది అండర్-21 నంబర్ వన్. ప్రపంచంలోనే మొదటి స్థానం అంటే మాటలా! అయితే ఆ స్థానానికి చేరిన భారతీయుల్లో మానవ్ నాలుగోవాడు. అతనికి ముందు సౌమ్యజిత్ ఘోష్, జి. సత్యన్, హర్మీత్ దేశాయ్ అక్కడికి వెళ్లొచ్చారు. ముగ్గురూ పుట్టింది 1993లోనే. వీరిలో సత్యన్ 2019లో ప్రపంచ 24వ ర్యాంకు అందుకున్నాడు. మొదటి 25 మందిలోకి వెళ్లిన తొలి భారతీయుడు అతనే. మిగతా ఇద్దరూ దేశానికి పతకాలు తెచ్చినవాళ్లే కానీ సీనియర్ సింగిల్స్‌లో ప్రపంచ శిఖరం దరిదాపులకు వెళ్లలేదు. ఇంకో సంగతి: పదిసార్లు జాతీయ విజేత అయిన శరత్ పేరు ఈ జాబితాలో లేనే లేదు.

అండర్-21 ర్యాంకు పట్టిక ఆ వయసువాళ్లందరినీ పక్కపక్కన నిలబెట్టి కొలిచినది కాదు. ఆ విభాగంలో ఎవరు ఎన్ని టోర్నీలు ఆడి ఎంత గెలిచారన్న దాన్నిబట్టి లెక్కగట్టేది. అసలు సిసలు పిడుగులు చాలామంది ఆ విభాగాన్ని పట్టించుకోకుండా నేరుగా పెద్దల పోటీల్లో దిగిపోతారు. మానవ్ అండర్-21లో మొదటి స్థానానికి చేరిన ఆ 2020 జనవరిలోనే జపాన్ కుర్రాడు తొమొకాజు హరిమొటో 16 ఏళ్ల వయసులో సీనియర్ల మొదటి పది ర్యాంకుల్లో ఉన్నాడు. అతను 2017లో చెక్ ఓపెన్ గెలిచింది 14 ఏళ్లకు. తైవాన్ కుర్రాడు లిన్ యున్-జు కూడా అప్పటికే పెద్దల సరసన కూర్చున్నాడు. వీళ్లు లేని తరగతిలో ఫస్టు ర్యాంకు అది. తీసిపారేయాల్సింది కాదు, అలాగని దాన్నిబట్టి జాతకం రాయకూడదు.

బాస్కెట్‌బాల్‌లో ఈ జాతకాల పిచ్చి మరీ ఎక్కువ. అమెరికా ఎన్‌బీఏలో ఏటా డ్రాఫ్ట్ పేరుతో జట్లు కుర్రాళ్లను వరసగా ఎంచుకుంటాయి. ఎవరు ఎన్నో నంబరులో వెళ్తే వాళ్ల భవిష్యత్తు అంత అన్నమాట. 1984లో మైకేల్ జోర్డాన్‌ది మూడో నంబరు. 1996లో కోబీ బ్రయంట్‌ది పదమూడు. 2014లో సెర్బియా ఆటగాడు నికోలా యోకిచ్‌ను 41వ నంబరులో తీసుకుంటే, తర్వాత అతను మూడుసార్లు లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2015లో 52వ నంబరులో వెళ్లిన పంజాబ్ పొడగరి సత్నామ్ సింగ్ ఆ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు. ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్ ఒక్కటీ అతనికి దక్కలేదు. కోట్ల డాలర్లు పోసి, రోజూ వీడియోలు చూసే నిపుణులు వేసే లెక్కే ఇలా ఉంటే, మనం సాయంత్రం టీవీ చూసి వేసే లెక్క సంగతి చెప్పాలా?

మళ్లీ మన బల్ల దగ్గరికి వద్దాం. గతంలోనూ సరిగ్గా ఇలాంటి పోలికే ఒకటి నడిచింది. 2012 లండన్ ఒలింపిక్స్‌కు భారత్ నుంచి పురుషుల సింగిల్స్‌లో వెళ్లింది శరత్ కాదు, 19 ఏళ్ల సౌమ్యజిత్ ఘోష్. ఆ మరుసటి ఏడాది ఆరంభంలో జాతీయ టైటిల్ కూడా ఘోష్‌దే. అప్పటికి శరత్‌కు ముప్పై నిండాయి. ఆ రోజున గీత గీసి చూస్తే కుర్రాడిది పైకి, పెద్దవాడిది కిందికి అని ఎవరైనా చెప్పేవారు. పదేళ్లు తిరిగేసరికి, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 40 ఏళ్ల శరత్ సింగిల్స్, మిక్స్‌డ్ డబుల్స్, జట్టు స్వర్ణాలు మూడూ గెలిచాడు. మిక్స్‌డ్‌లో జోడీ మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ. డబుల్స్‌లో సత్యన్‌తో కలిసి రజతం అదనం.

నా ఉద్దేశంలో శరత్ అంకెల్లో అసలైనది ఇదే. 2006 మెల్‌బోర్న్‌లో 23 ఏళ్లకు సింగిల్స్ స్వర్ణం, 2022లో 40 ఏళ్లకు మళ్లీ అదే స్వర్ణం. నడుమ 16 ఏళ్లు. 30వ ర్యాంకును సత్యన్ దాటేశాడు, రేపు ఇంకొకరు దాటుతారు. పది టైటిళ్ల రికార్డూ ఎప్పుడో ఒకప్పుడు బద్దలు కావచ్చు. ఆ 16 ఏళ్ల ఎడాన్ని మాత్రం పాతికేళ్లవాడిలో ముందే చూడటం ఎవరి తరమూ కాదు, ఎందుకంటే అది ఇంకా జరగలేదు. మానవ్‌కు 40 వచ్చేది 2040లో.

మరి అసలు ఏదీ కొలవలేమా? కొలవొచ్చు. దానికి ముందు మంచి ఆటగాడికీ గొప్ప ఆటగాడికీ మధ్య ఎడం ఎంతో చూడాలి. టేబుల్ టెన్నిస్‌లో గేమ్ అంటే 11 పాయింట్లు. పదీ పదీ అయితే రెండు పాయింట్ల తేడా వచ్చేదాకా ఆడాలి. ఒలింపిక్స్ సింగిల్స్‌లో ఏడు గేముల్లో నాలుగు గెలవాలి. ఒక ఆటగాడు ప్రత్యర్థి మీద ప్రతి వంద పాయింట్లలో 52 గెలుస్తాడనుకుందాం. ప్రతి పాయింటూ దేనికదే విడి అనుకొని లెక్కేస్తే అతను ఒక గేమ్ గెలిచే అవకాశం దాదాపు 58 శాతం, మ్యాచ్ గెలిచే అవకాశం 66 శాతం వస్తుంది. ఇప్పుడు 52 స్థానంలో 55 పెట్టండి. గేమ్ అవకాశం 69 శాతానికి, మ్యాచ్ అవకాశం 86 శాతానికి ఎగబాకుతుంది.

టోర్నీ గెలవాలంటే వరసగా ఐదు మ్యాచ్‌లు ఇలా నెగ్గాలనుకోండి. 52 పాయింట్లవాడికి ఉన్న అవకాశం వందలో 13. 55 పాయింట్లవాడికి 46. వంద పాయింట్లలో మూడే మూడు పాయింట్ల తేడా. ఒకడు ఎప్పుడో ఒకసారి కప్పు పట్టుకుంటే, ఇంకొకడు దాదాపు సగం టోర్నీలు ఎగరేసుకుపోతాడు. అసలు ఆటలో ఒత్తిడి, ఊపు, అలసట ఉంటాయి కాబట్టి ఈ లెక్క అచ్చంగా అలాగే నడవదు. అయినా ఎక్కడ చూడాలో చెబుతుంది. కుర్రాడి ఆటను గ్యాలరీలో కూర్చుని చూసేవాడి కంటికి ఈ మూడు పాయింట్లు ఆనవు. ఫోర్‌హ్యాండ్ వేగం, సర్వీస్ తిప్పుడు మనకు కనబడతాయి. 9-9 దగ్గర వేసిన బంతి బల్ల అంచుకు అంగుళం ముందు పడిందా, వెనక పడిందా అన్న దగ్గరే ఆ మూడు పాయింట్లు ఉంటాయి.

దీనికి శరత్ ఆడిన మ్యాచే సాక్ష్యం. 2021 జులైలో టోక్యోలో మూడో రౌండ్లో అతని ఎదురుగా ఉన్నది చైనా దిగ్గజం మా లాంగ్. గేములు 7-11, 11-8, 11-13, 4-11, 4-11. మొదటి మూడు గేముల పాయింట్లు కూడితే శరత్‌కు 29, మా లాంగ్‌కు 32. చివరి రెండు గేముల్లో 8-22. మూడో గేమ్ ఆ రెండు పాయింట్లతో అటు తిరిగి ఉంటే ఏమయ్యేదో అనుకుంటూ ఆ వారం చాలామంది గడిపారు. మొత్తం మీద చూస్తే 91 పాయింట్లలో శరత్‌కు 37, అంటే వందకు 41. అతను గొప్పగా ఆడిన మ్యాచ్‌లలో ఇదొకటి! భారత అత్యుత్తమానికీ ప్రపంచ అత్యుత్తమానికీ మధ్య ఆ రోజు కొలత అది.

సూరత్ కుర్రాడికీ ఈ కొలబద్దే సరైనదని నేనంటాను. మానవ్ పుట్టిన 12 రోజులకు, 2000 మే 11న, చైనాలో వాంగ్ చుచిన్ పుట్టాడు. ఇద్దరికీ ఒకే ఏడు, ఒకే బంతి, ఒకే నియమాలు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ జట్టు విభాగంలో భారత్, చైనా ఎదురుపడ్డప్పుడు వీళ్లిద్దరూ తలపడ్డారు. వాంగ్ 3-0తో నెగ్గాడు. ఆ మరుసటి ఏడాది దోహాలో సింగిల్స్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మానవ్ ఎక్కడున్నాడో తెలుసుకోవాలంటే 2006 నాటి శరత్‌ను వెతకాల్సిన పని లేదు. వాంగ్ మీద వంద పాయింట్లలో ఎన్ని తీస్తున్నాడో, ఏడాది తిరిగాక ఎన్ని తీశాడో చూస్తే చాలు.

తరాల మధ్య పోలికకు ఇంకో అడ్డు ఉంది. ఆటే మారిపోయింది. 2000లో బంతి వ్యాసం 38 మిల్లీమీటర్ల నుంచి 40కి పెరిగింది. 2001లో గేమ్ 21 పాయింట్ల నుంచి 11కు తగ్గింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ తర్వాత రబ్బరుకు పూసే స్పీడ్ గ్లూను నిషేధించారు. 2014లో సెల్యులాయిడ్ బంతి పోయి ప్లాస్టిక్ బంతి వచ్చింది. శరత్ చిన్న బంతితో, 21 పాయింట్ల గేముతో ఆట నేర్చుకొని ఈ మార్పులన్నిటినీ దాటుకుంటూ వచ్చాడు. ప్రతిసారీ బంతి వేగం మారింది, తిరుగుడు మారింది, బల్లకు ఎంత దూరంలో నిలబడాలన్నదీ మారింది. బల్లకు దూరంగా జరిగి ఎత్తుకు ఎత్తు, బలానికి బలం వాడి కొట్టే ఫోర్‌హ్యాండ్ అతని తొలి ఆయుధం. రోజులు గడిచేకొద్దీ బల్లకు దగ్గరగా జరగక తప్పలేదు. మానవ్‌కు ఆ తిప్పలు లేవు. 40 మిల్లీమీటర్ల బంతి అతనికి పుట్టిన ఏటి నుంచే ఉంది, 14 ఏళ్లకు ప్లాస్టిక్ చేతికొచ్చింది.

ర్యాంకుల లెక్క కూడా మారింది. 2018కి ముందు ఎవరిని ఓడిస్తే ఎన్ని పాయింట్లు అన్న పద్ధతి ఉండేది. ఆ తర్వాత ఏడాదిలో ఆడిన టోర్నీల్లో మంచి ఫలితాలు ఎనిమిదింటిని కూడి ర్యాంకు ఇస్తున్నారు. 2021లో డబ్ల్యూటీటీ (వరల్డ్ టేబుల్ టెన్నిస్) టోర్నీలు మొదలయ్యాక ఏ స్థాయి టోర్నీకి ఎన్ని పాయింట్లన్నదీ కొత్తగా మారింది. కాబట్టి 2010 నాటి ఒక ర్యాంకునూ 2025 నాటి ర్యాంకునూ పక్కన పెట్టి ఇది పెద్దది, అది చిన్నది అనడం కుదరదు. పత్రికల్లో వచ్చే పట్టికలకు ఈ సంగతి పట్టదు.

అన్నిటికంటే వింత లెక్క కామన్వెల్త్ పతకాలది. శరత్ 13 పతకాలను మానవ్ అందుకోగలడా? 2022లో స్వర్ణం గెలిచిన జట్టులో శరత్, సత్యన్, హర్మీత్, సనిల్ శెట్టి ఉన్నారు, మానవ్ లేడు. 2026 గ్లాస్గో క్రీడలను ఖర్చు తగ్గించుకోవడానికి పది క్రీడలకు కుదించి, టేబుల్ టెన్నిస్‌ను తీసేశారు. ముగ్గురేసి ఆడే బాస్కెట్‌బాల్ మాత్రం ఉంది. 2030 క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి, అక్కడ టేబుల్ టెన్నిస్ మళ్లీ ఉంది. అప్పటికి మానవ్‌కు 30. ముప్పై నిండేసరికి శరత్ దగ్గర మూడు స్వర్ణాలతో కలిపి ఐదు పతకాలున్నాయి. ఒక్కో క్రీడల్లో పురుషులకు దక్కే పతకాలు ఎంత గట్టిగా ఆడినా నాలుగు: సింగిల్స్, డబుల్స్, మిక్స్‌డ్, జట్టు. ప్రతిసారీ నాలుగుకు నాలుగూ గెలిచినా 13 దాటాలంటే నాలుగు కామన్వెల్త్ క్రీడలు ఆడాలి. అంటే 42 ఏళ్ల దాకా. ఈ కొరతలో ఆటగాడి ప్రతిభ పాత్ర ఏమీ లేదు, నిర్వాహకుల బడ్జెట్‌దే అంతా.

జాతీయ టైటిళ్లకూ అంతే. శరత్ తొలి టైటిళ్లు గెలిచిన రోజుల్లో అతనికి దీటైనవాళ్లు తక్కువ. 2020 నుంచి 2025 ఆరంభం దాకా చూస్తే హర్మీత్, సత్యన్, శరత్, మానవ్ నలుగురూ ఆ కప్పు అందుకున్నారు. ఇంతమంది పోటాపోటీగా ఉన్న కాలంలో ఒక్కడే పది గెలవకపోవడం దేశానికి మంచిదే.

సూరత్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది మరమగ్గాలు, చీరల మార్కెట్. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి తరాలుగా అక్కడే ఉండిపోయిన నేత కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఆ ఊరికి టేబుల్ టెన్నిస్ పిచ్చి కూడా అంతే ఉంది. 2022 జాతీయ క్రీడలు గుజరాత్‌లో జరిగినప్పుడు ఈ ఆటను పెట్టింది సూరత్‌లోనే. జట్టు స్వర్ణం గుజరాత్‌దే, సింగిల్స్ స్వర్ణం హర్మీత్‌ది. హర్మీత్‌దీ సూరతే. మానవ్‌కు దగ్గరి పోలిక శరత్ కంటే ఇతనే. అదే ఊరు, అదే అండర్-21 నంబర్ వన్. 2018, 2022 కామన్వెల్త్ జట్టు స్వర్ణాలు రెండింట్లోనూ హర్మీత్ ఉన్నాడు. రెండోసారి సింగపూర్‌పై ఫైనల్లో ఆఖరి మ్యాచ్ నెగ్గి స్వర్ణం ఖాయం చేసింది అతనే. మొదటి జాతీయ టైటిల్ మాత్రం 26 ఏళ్లకు వచ్చింది, 2020లో హైదరాబాద్‌లో, ఫైనల్లో ఇదే మానవ్‌ను 4-3తో ఓడించి. మొదటి ఒలింపిక్స్ 31 ఏళ్లకు. ఈ వరసతో పోలిస్తే మానవ్ జాతీయ టైటిల్‌లో రెండేళ్లు, ఒలింపిక్స్‌లో ఏడేళ్లు ముందున్నాడు. నమ్మదగ్గ ఆశ పెట్టుకోవడానికి నాకు ఈ అంకెలు చాలు.

చెన్నైలో శరత్‌ను ఆఖరి మ్యాచ్‌లో ఓడించింది మన తెలంగాణ కుర్రాడు స్నేహిత్ సూరావజ్జుల. 3-0తో. అతన్ని ఎవరూ శరత్ వారసుడు అనలేదు, అతని అదృష్టం.

ఇకముందు చూడాల్సినవి రెండు అంకెలు. మొదటిది సత్యన్ చేరిన 24. రెండోది ఒక పెద్ద సింగిల్స్ టైటిల్. శరత్ 2010లో ఈజిప్ట్ ఓపెన్ గెలిచి ప్రపంచ ప్రో టూర్‌లో సింగిల్స్ నెగ్గిన తొలి భారతీయుడయ్యాడు, అదే ఏడాది అమెరికా ఓపెన్ కూడా పట్టాడు. ఆ జులైకి అతనికి 28 నిండాయి. మానవ్‌కు ఆ వయసు 2028 ఏప్రిల్‌లో వస్తుంది, లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు రెండున్నర నెలల ముందు. పారిస్‌లో అతను ఆడిన పురుషుల జట్టు విభాగం అక్కడ ఉండదు. దాని బదులు డబుల్స్‌ను, మిక్స్‌డ్ జట్టు పోటీని తెస్తున్నారు.